లాంచి చుట్టూ ఒక కొసరు

జనరల్ బజారులో మా నాన్నది స్టీలు సామాన్ల కొట్టు. బిందె కొన్నవాళ్ళు డబ్బులిచ్చాక కూడా కదలకుండా నిలబడితే ఒక చెంచానో, చిన్న గిన్నెనో చేతిలో పెట్టి పంపేవాడు. అది కొసరు. అడగనివాళ్ళకు ఇచ్చేవాడు కాదు. ఎప్పుడైనా "మీరు చెప్పినట్టే కానివ్వండి" అంటూ మారుమాట లేకుండా కొనుక్కునే గిరాకీ వస్తే, గల్లా వెనక కూర్చున్న పిల్లలం వాళ్ళు మెట్లు దిగేదాకా ఆగి మరీ నవ్వుకునేవాళ్ళం. ఆ కొట్లో పెరిగినదాన్ని కనుక చెప్పులు కుట్టించుకున్నా కొసరు లేకుండా లేచి రాలేదు. మా పెళ్ళి ఆల్బంలో చివరి ఫోటో కూడా కొసరుదే. అందులో నేను ఫోటోలతనితో వాదిస్తూనే ఉంటాను.

మా ఆయనకు ఇదంతా తలవంపులు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పని ఆయనది. మోండా మార్కెట్లో నేను నోరు తెరవగానే రోడ్డుకు అవతలికి వెళ్ళి, ఈమె ఎవరో తెలియదన్నట్టు గోడమీది పోస్టర్లు చదువుతూ నిలబడేవారు.

అలాంటి మనిషికి నలభై దాటాక ఒక కోరిక పుట్టింది. మా మామగారు ఒకప్పుడు ఊరి బయట పెద్ద చెరువులో లాంచి నడిపేవారు. సెలవురోజుల్లో జనాన్ని ఎక్కించుకుని తిప్పుకొచ్చే లాంచి. ఒక వానాకాలం, కట్టేసిన తాడు కట్టేసినట్టుండగానే అది మునిగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఎవరూ పైకి తీయనూ లేదు. తర్వాత కొన్నేళ్ళకు మామగారు కూడా పోయారు. చిన్నప్పుడు ఆ లాంచి చక్రం మీద మా ఆయన చేతులు పెట్టించి, వాటిమీద తన చేతులు వేసి నడిపించేవారట. "ఆ చక్రం ఒక్కసారి పట్టుకోవాలె" అనేవారు ఈయన.

విశాఖలో నేవీలో డైవర్‌గా చేసి రిటైరై, కంటోన్మెంటు వైపు స్థిరపడ్డ ఒకాయన స్కూబా నేర్పుతున్నాడని తెలిసింది. మా ఆయన నెలల తరబడి స్విమ్మింగ్ పూల్‌లో వీపుకు సిలిండర్ కట్టుకుని నేర్చుకున్నారు. చివరికి ఒక ఆదివారం పొద్దున చెరువుకు బయల్దేరారు. నన్ను రమ్మనలేదు. వెళ్ళాను.

లాంచి మునిగినచోట గుర్తుగా ఒక ఖాళీ డబ్బా తేలుతోంది. దాని తాడు కింద లాంచికే కట్టి ఉంది. మా పడవ అక్కడ ఆగింది. నీళ్ళు పాలెక్కువైన చాయ్ రంగులో ఉన్నాయి.

"తాడు పట్టుకుని దిగుతాం. లాంచి చుట్టూ ఒక్క చుట్టు తిరిగి వచ్చేస్తాం. అంతేనమ్మా," అన్నారు నేర్పే సారు.

ఒక్క చుట్టు! నాలో కొట్టు తలుపులు తెరుచుకున్నాయి.

"ఒక్కటేనా సార్? గింత దూరమొచ్చినం. ఇంకో చుట్టు కొసరెయ్యండి."

"ఇది కూరగాయల బేరం కాదమ్మా. గాలితో పని."

"సిలిండర్ల మిగిలిన గాలి ఏం జేస్కుంటరు సార్? ఇంటికి పట్కపోయి కూరొండుకుంటరా?"

పడవ నడిపే తాత కిసుక్కున నవ్వాడు. మా ఆయన అలవాటుగా రోడ్డు అవతలికి పోదామని చూశారు. అన్ని వైపులా నీళ్ళే. "జెర ఊకోరాదు" అని గొణిగారు.

సారు నా ముఖం చూసి నిట్టూర్చారు. "సరే. గాలి సరిపడా ఉంటేనే ఇంకో చుట్టు. లేదంటే లేదు."

గెలిచాను. చీర కొంగు సర్దుకుని కూర్చున్నాను.

ఇద్దరూ వెనక్కి ఒరిగి నీళ్ళలో పడ్డారు. ముఖానికి కట్టుకున్న అద్దంలోంచి మా ఆయన కళ్ళు ఒకసారి కనబడ్డాయి. ఆ తర్వాత అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు.

"బుడగలు చూస్తుండు బిడ్డా," అన్నాడు తాత. "బుడగలొస్తున్నయంటే మనుషులున్నట్టే."

చూశాను. రెండు గుంపులుగా బుడగలు డబ్బా చుట్టూ మెల్లగా నడిచాయి, బయల్దేరిన చోటికే తిరిగొచ్చాయి. ఒక చుట్టు అయింది. నేను అడగకపోయి ఉంటే ఇప్పుడు పైకి వచ్చేవారు. బుడగలు మళ్ళీ కదిలాయి. కొసరు మొదలైంది.

సగం చుట్టులో బుడగలు ఆగిపోయాయి.

"తాతా, కనబడ్తలేవు."

"జెర ఆగు. అలలు లేస్తే ఒక్కోపారి కనబడవు." అలలు పెద్దగా లేవని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

"నువ్వు దిగి చూడరాదు?"

"నాది పైపై ఈత బిడ్డా. గంత కిందికి నా తోని కాదు."

డబ్బా తాడు పట్టుకున్నాను. లాగితే ఏమవుతుందో తెలియదు, వదిలేస్తే ఏమవుతుందో తెలియదు. ఎదురుగా మనిషంటూ ఉంటే నాకు మాటలొస్తాయి. తగ్గించమంటాను, గిట్టదంటాను, లేచి నడుస్తాను, వెనక్కి పిలిచేదాకా తిరిగి చూడను. ఆ చెరువుతో ఏం మాట్లాడను? లేచి నడవడానికి కూడా చోటు లేదు. నీళ్ళమీదికి వంగి, "నాకు కొసరొద్దు, వాపస్ తీస్కో" అన్నాను. పైకే అన్నాను. తాత ముఖం అటు తిప్పుకున్నాడు.

ఉన్నట్టుండి డబ్బాకు అవతల నీళ్ళు ఎసరులా మరిగాయి. పెద్దపెద్ద బుడగలు ఒకదానిమీద ఒకటి దొర్లుకుంటూ వచ్చాయి. అది మంచికో చెడుకో తెలియలేదు. తాతను చూశాను, ఆయన చేతిలో తెడ్డు గాల్లోనే ఆగి ఉంది. తర్వాత తాడు పక్కన చిన్న బుడగలు. ఆ తర్వాత రెండు తలలు.

"లాంచికి పైన రేకు కప్పు ఉంది కదమ్మా," అన్నారు సారు పడవ అంచు పట్టుకుని, చాలా మామూలుగా. "పక్కనుంచి లోపలికి వంగి వెతుకుతుంటే మా బుడగలన్నీ దాని కిందే ఆగిపోయాయి. నిండాక ఒక్కసారి పొర్లాయి."

మా ఆయన పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. తువ్వాలుతో తల తుడిచాను, అవసరమైన దానికంటే గట్టిగా.

"మొదటి చుట్టుల ఏం కనబడలే. అంత బురదే," అన్నారు. "రెండో చుట్టుల చేతికి తగిలింది."

"చక్రమా?"

"ఆ. తిరుగుతలేదు. పట్కున్న, గంతే." తువ్వాలు నా చేతిలోంచి తీసుకుని, "నీ కొసర్లనే దొరికింది," అన్నారు.

పడవ ఒడ్డుకు మళ్ళింది. వానలు పడేలోపు ఇంకోసారి రావచ్చు, కావాలంటే, అన్నారు సారు. మా ఆయన జరిగి నా పక్కన కూర్చున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో బేరం జరిగేచోట ఆయన నా పక్కకు రావడం అదే మొదలు.

"అప్పుడు సుత రెండు చుట్లు కావాలె," అన్నారు నా చెవిలో. "నువ్వే అడుగు. నువ్వడిగితే ఇస్తడు."

మళ్ళీ బేరమాడతానేమోనని సారు నావైపు చూస్తున్నారు. తాత కూడా. అసలు ఇంకోసారి రావడమే వద్దనాలని ఉంది. ఆయన గోళ్ళలో నల్లటి బురద ఇంకా పోలేదు. ఒళ్ళో పెట్టుకున్న వేళ్ళు గుండ్రటిదేదో పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి.

"మీరు చెప్పినట్టే కానివ్వండి సార్," అన్నాను.

ఒడ్డు చేరి అందరూ దిగేదాకా, ఎవరైనా నవ్వుతారేమోనని చూశాను.