ఫిట్స్ మాత్రలు, మా జోయెల్ మాటలు

గల్ఫ్‌లో మేముండే ఐన్ ఖాలిద్‌లో, పక్కింటి పాప పుట్టినరోజున ఒక బెలూన్ టప్పున పేలింది. పిల్లలంతా ఉలిక్కిపడ్డారు. మా జోయెల్ మాత్రం బొమ్మకారు చక్రం తిప్పుకుంటూ కూర్చున్నాడు. రెండేళ్ళు నిండినా 'అమ్మ' అనడు, పిలిస్తే తిరగడు. చెవుడేమోనని హాస్పిటల్‌కి తీసుకెళ్ళాను.

హియరింగ్ టెస్ట్ నార్మల్ వచ్చింది. డెవలప్‌మెంటల్ అసెస్‌మెంట్‌కి పంపారు. అక్కడి డాక్టరమ్మ, "ప్రెగ్నెన్సీలో ఏమైనా మెడిసిన్స్ వాడారా?" అని అడిగింది. నాకు పెళ్ళికి ముందునుంచే ఫిట్స్. సెలవుకి వెళ్ళి తిరిగొచ్చేవాళ్ళ చేత మా అమ్మ ఊరగాయతో పాటు వాల్‌ప్రొయేట్ మాత్రలు పంపేది. డాక్టరు రాసిన చీటీ పాతదే. పిల్లల్ని కనేముందు మందు మార్చాలని మాకెవరూ చెప్పలేదు. కడుపుతో ఉన్నానని తెలిసేసరికే మూడో నెల.

"ఈ మందుతో పిల్లల్లో ఆటిజం, డెవలప్‌మెంటల్ డిలే రిస్క్ పెరుగుతుంది. మీ బాబుకి మాటలు రాకపోవడానికి అదే కారణమని మాత్రం నేను చెప్పలేను" అంది.

ఫోన్లో మా అత్తగారు ఊరుకోలేదు. "చెప్పలేనందంటే అవుననే కదమ్మా! ఆ మాత్రలే పసివాణ్ణి ఇలా చేశాయి. ముందు మానెయ్యి." పుండు మీద కారం చల్లినట్టయింది. లుసైల్‌లో వరల్డ్ కప్ స్టేడియం పనుల ఒత్తిడిలో ఉన్న మా ఆయన ఏమీ అనలేదు. నాకు ఆ మౌనం మీదే ఎక్కువ కోపం వచ్చింది. రెండో బిడ్డ కావాలన్న ఆశ కూడా ఉంది. ఎవరికీ చెప్పకుండా మాత్రలు ఆపేశాను.

వారం తిరక్కుండా, జోయెల్‌కి స్నానం చేయిస్తుంటే ఫిట్స్ వచ్చాయి. తెలివి వచ్చేసరికి టబ్బులో నీళ్ళు వాడి గడ్డం దాకా ఉన్నాయి, మా ఆయన వాణ్ణి పైకి తీస్తున్నారు. మాత్రలు ఆపేశానని అప్పుడు చెప్పాను. "ఎంత పని చేశావే! మీరిద్దరూ పోతే నేనెవరితో చెప్పుకోను?" అని ఏడ్చేశారు.

న్యూరాలజిస్ట్ గట్టిగా మందలించారు. "సడన్‌గా ఎప్పుడూ ఆపొద్దు. ప్రెగ్నెన్సీ ప్లాన్ చేసే ముందే రండి, మెల్లగా మారుద్దాం." మారుస్తుండగా మళ్ళీ ఒకసారి ఫిట్స్ వచ్చి పొయ్యి దగ్గర చెయ్యి కాలింది. డోస్ సరిచేశారు.

జోయెల్‌కి ఇప్పుడు ఐదేళ్ళు. రోడ్డు పనుల డైవర్షన్లతో స్పీచ్ థెరపీకి వెళ్ళిరావడానికే సగం రోజు పోతుంది. "నీళ్ళు" అంటాడు. "వద్దు" అని మాత్రం ఇల్లు ఎగిరిపోయేలా అంటాడు, అచ్చం మా అత్తగారి పోలిక. నాకు మళ్ళీ ఐదో నెల. కొత్త మందు వాడుతున్నాను.

ఫిట్స్ మాత్రలు వాడే ఆడపిల్లలు పెళ్ళి కాగానే న్యూరాలజిస్ట్‌ని కలవండి. ఎవరి మాట విన్నా, ఎవరి మీద కోపమొచ్చినా, ఒక్క పూట కూడా సొంతంగా ఆపకండి. జోయెల్ ఎందుకిలా ఉన్నాడో నాకు ఎప్పటికీ తెలియదు. ఆ రోజు టబ్బులో పోయి ఉంటే మాత్రం, ఎందుకో నాకు తెలిసి ఉండేది.