ఖాలా కూర్చిన మా అమ్మ కథ

మొన్న కడపలో మా ఖాలా పోయింది. ఆమె కొడుకు నాకు ఫోన్ చేసేసరికి మట్టి ఇవ్వడం కూడా అయిపోయింది. "అమ్మ నిన్ను శానా తలుచుకునేది అక్కా" అన్నాడు. ఫోన్ పెట్టేసి, బీరువాలోంచి ఒక లావుపాటి పుస్తకం తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మా అమ్మానాన్నల కథంతా అందులో ఉంది. దాన్ని కూర్చింది ఖాలా.

ఆమె మాకు బంధువు కాదు. తొంభైల మొదట్లో మస్కట్‌లోని అల్ ఖువైర్‌లో మా పక్క ఫ్లాటులో ఉండేది. ఆమె భర్తకు కింద టైలరింగ్ షాపు. మా బాపు ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. అమ్మది, బాపుది వేరు వేరు కులాలు. పెళ్లి చేసుకున్నందుకు రెండిళ్ల వాళ్లూ మాట్లాడటం మానేశారు. ఆ పరాయి ఊళ్లో అమ్మకు తోబుట్టువంటే ఈమే. అందుకే అమ్మ, బాపు అక్క అన్నట్టు ఆపా అనేవాళ్లు, నేను పెద్దమ్మ అన్నట్టు ఖాలా అనేదాన్ని. అమ్మ వంటింటి కిటికీలోంచి కేకేస్తే ఆమె కింది మెట్లమీంచి పలికేది.

నాకు ఏడేళ్లప్పుడు అమ్మ జ్వరంతో ఆస్పత్రికి వెళ్లి మళ్లీ రాలేదు. బాపు ఫొటోలన్నీ సూట్‌కేసులో పెట్టి తాళం వేశాడు. అమ్మ పేరెత్తడమే మానేశాడు. డ్యూటీ నుంచి వచ్చి, నాకింత అన్నం పెట్టి, గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఒకరోజు ఖాలా నాకు జడ వేస్తుంటే అడిగాను: "అమ్మ ఎట్ల నవ్వేది ఖాలా? నాకు యాదికొస్తలేదు." ఆమె చేతులు నా జడలోనే ఆగిపోయాయి.

ఆ శుక్రవారం, సెలవురోజు, అతికించడానికి మైదాపిండి ఉడికించిన గోందు, షాపులో పనికిరాని బట్టల శాంపిల్ పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"తమ్ముడూ, మీ ఇద్దరి కథ ఈ బిడ్డకు నువ్వు చెప్పకుంటే ఇంకెవరు చెప్పల్లప్పా?"

"నాతోని కాదు ఆపా" అంటూ బాపు లోపలి గదిలోకి వెళ్లిపోయాడు.

ఖాలా కదల్లేదు. అమ్మ జాకెట్టు కుట్టగా మిగిలిన పచ్చ గుడ్డముక్కను మొదటి పేజీలో అతికించి, లోపలికి వినపడేలా మొదలుపెట్టింది. "మీ అమ్మను మీ నాయన మొదట హైదరాబాదులో చూసినాడు పాపా. సినిమాహాలు కాడ."

లోపల మంచం కిర్రుమంది. బాపు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"హైదరాబాద్ల కాదు ఆపా. కరీంనగర్ల. టైపు ఇన్‌స్టిట్యూట్ల."

"అట్లనా? మరిచిపోయినా. నువ్వే చెప్పు."

బాపు మా పక్కన నేలమీద కూర్చున్నాడు. "నా మిషన్ల ఒక అక్షరం పడకపోయేది. ఆ ఖాళీలల్ల పెన్నుతోని రాసుకుంటుంటే చూసి నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది గానీ భుజాలు ఊగుతనే ఉన్నయి. కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది. మీ అమ్మ నవ్వితే గట్లనే బిడ్డా..."

అమ్మ పోయాక బాపు ఏడవడం నేను చూసింది అప్పుడే. ఖాలా గోందు గిన్నె పక్కకు జరిపి, నన్ను ఆయన ఒళ్లోకి తోసింది.

మరుసటి వారం సూట్‌కేసు తెరుచుకుంది. రిజిస్టర్ పెళ్లినాటి ఫొటో, బాపు ఒంటరిగా ఒమన్‌లో ఉన్నప్పుడు అమ్మ కాగితం మీద ఒత్తి పంపిన గోరింటాకు చేతి ముద్ర, ఒక్కొక్కటే పుస్తకంలోకి ఎక్కాయి. అతికించే ముందు ఖాలా ప్రతి ఫొటోనూ కొంగుతో తుడిచి బిస్మిల్లా అనేది. నేను పేజీ తిప్పబోతే ఆపేది. "ఆరనీ పాపా. తొందరపడితే అమ్మ మొగం ముడత పడుతాది." పుస్తకం నిండేసరికి బాపు నోట అమ్మ పేరు మళ్లీ వినపడసాగింది.

పెద్దయ్యాక ఖాలాను ఫోన్లో అడిగాను, ఆ రోజు నిజంగానే మరిచిపోయావా అని. నవ్వింది. "మీ అమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో ఆ కథ. తప్పు చెప్తే మీ నాయన పలక్కుండా ఉంటాడా పాపా?"

బాపు పోయి కొన్నేళ్లయింది. ఇప్పుడు ఖాలా. ఇక నేను ఆ కథ తప్పు చెప్పినా సరిదిద్దేవాళ్లు లేరు.

మేము ఒమన్ వదిలి వచ్చేసిన రోజు గుర్తుకొస్తోంది. ఇంటి తాళంచెవి ఓనరుకు ఇవ్వమని బాపు ఖాలాకు అప్పగించాడు. కారు కదిలాక వెనక్కి తిరిగి చూశాను. చెయ్యి ఊపుతుందనుకున్నాను. ఆమె మావైపు చూడటం లేదు. ఎండలో మెట్లమీద కూర్చుని, తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని, తల పైకెత్తి మా వంటింటి కిటికీ వైపే చూస్తోంది.