ఇరవై నాలుగో సిపాయి

సంపత్కుమార్‌కు యాభై ఎనిమిదేళ్ళు. అందులో ముప్పై ఏళ్ళు తిరుమల కొండమీద ఒక మఠంలో గదులిచ్చే గుమాస్తాగా గడిచిపోయాయి. గదులిచ్చే గుమాస్తా అన్నది పేరుకే. రోజంతా ఆయన చేసేది గదులు లేవని చెప్పడం. అరవవాళ్ళ మొక్కుల నెల పెరటాసి వచ్చిందంటే మరీ. అరవదేశం నుంచి జనం గోవింద కొడుతూ కొండెక్కుతారు. శనివారాల్లో ఆయన బల్ల ముందు మొదలైన వరస వీధి మలుపుదాకా పోతుంది. ‘లేవమ్మా’, ‘ఇల్లె అయ్యా’ అని రెండు భాషల్లో చెప్పీ చెప్పీ సాయంత్రం ఇంటికి దిగే ఘాట్‌రోడ్డు బస్సెక్కితే, కండక్టరు టికెట్టని అడిగినా లేవనే నోటికొస్తుంది.

ఇంత అలుపులోనూ ఆయనకొక పిచ్చి. బెంగళూరు నుంచి కొరియర్లో ప్లాస్టిక్ సిపాయిల్ని తెప్పించుకుంటాడు. వచ్చేది సిపాయి కాదు, ముక్కలు. తల ఒకచోట, కాళ్ళొకచోట, తుపాకీ ఒకచోట ఒక చట్రానికి అతుక్కుని ఉంటాయి. వాటిని కత్తిరించి, అంచులు బ్లేడుతో గీకి, జిగురుతో అతికించి, రంగులేసి చిన్న చెక్కముక్క మీద నిలబెడితే, రెండంగుళాల మనిషి తుపాకీ పట్టుకుని కాపలాకు సిద్ధమవుతాడు. ఏడాదికి ఒక్కడే. ఆ ఒక్కడు దసరా బొమ్మల కొలువు కోసం.

ఇదెట్లా మొదలయిందంటే, అత్తగారు తన కొలువు బొమ్మల పెట్టెను కూతురు పద్మాక్షికి అప్పజెప్పిన ఏడు, ఏటేటా ఒక కొత్త బొమ్మ చేర్చాలనే నియమం కూడా అప్పజెప్పింది. అప్పుడు ఇంట్లో కొత్తదంటూ ఉన్నది అల్లుడు సరదాకి చేసుకున్న సిపాయి ఒక్కడే. వాణ్ణి కింది మెట్టు చివర నిలబెట్టారు. “దేవుళ్ళ నడుమ తుపాకీ ఏంది నాయనా?” అని ఆవిడ మూతి ముడిచింది. “ఇంతమంది దేవుళ్ళు ఉండే చోట కావిలి ఉండొద్దా అత్తా?” అన్నాడు ఈయన. ఆవిడ నవ్వేసింది. అప్పట్నుంచి ఇరవై మూడేళ్ళలో ఇరవై ముగ్గురయ్యారు. ఒక్క ఏడూ తప్పలేదు. ఉద్యోగంలో చెప్పుకోదగ్గదేమీ చేయలేదని ఆయనకు తెలుసు. చెప్పుకోవడానికి ఉన్నది ఈ వరస ఒక్కటే.

ఈ పనిలో తలపండినవాళ్ళు కళ్ళు ముందే గీయమంటారు. తప్పుపోయినా ముఖం రంగుతో సర్దుకోవచ్చు. సంపత్కుమార్ వినడు. ఆయన అవ్వ మట్టిబొమ్మలకు రంగులేసేది. అంతా అయ్యాక, స్నానం చేసి వచ్చి, ఆఖరున కళ్ళు పెట్టేది. కళ్ళు పెట్టని బొమ్మ మెట్టెక్కకూడదనేది. మనవడికీ అదే పట్టు. కొనలో నాలుగు వెంట్రుకలున్న కుంచె పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఆవగింజలో సగం లేని చోట తెల్లచుక్క, దానిమీద నల్లచుక్క.

ఈ ఏడు ఆ చుక్క పడలేదు. కుడికంట్లో శుక్లం ముదిరింది, దసరా కాగానే ఆపరేషన్ అన్నాడు డాక్టరు. చెయ్యి కూడా సన్నగా వణుకుతోంది. మొదటిసారి తెల్లరంగు చెంపమీదికి జారింది. తుడిస్తే ముఖం రంగు కూడా ఊడొచ్చింది. మళ్ళీ ముఖమంతా వేశాడు. రెండోసారి చుక్కలు పడ్డాయి గానీ, ఒక కన్ను తిరుమలను, ఇంకోటి ఎక్కడో దూరాన పాకాల ఊరిని చూస్తోంది. మూడోసారి సంగతి చెప్పుకోకపోవడమే మంచిది.

పద్మాక్షి వంటింట్లోంచి చూస్తూనే ఉంది. “ఒక్క యేడుకి పోనీలెండి. బజార్లో చిన్న వినాయకుణ్ణి తెచ్చుకుందాం,” అంది.

“నాకు చేతనవదని నువ్వే తేల్చేసినావా?” అని కసిరాడు. ఆమె మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది. అరిచినందుకు ఆయనకు సిగ్గేసింది. అరవడానికి కారణం ఆమె మాట కాదు, ఆ మాట నిజం కావడం.

మహాలయ అమావాస్య నాడు మధ్యాహ్నానికే ఇల్లు చేరాడు. సాయంత్రానికి మెట్లు కట్టాలి. స్నానం చేసి వచ్చి కిటికీ దగ్గర కూర్చున్నాడు. తెల్లరంగు మూత తీశాడు, చాలాసేపు చూశాడు, పెట్టేశాడు. తర్వాత ముఖానికి వేసిన చామనఛాయ రంగే తీసి, రెండు కళ్ళ గుంటలనూ రెప్పలుగా నింపేశాడు. కింద చెరొక సన్నని గీత. గీత కాస్త వంకరపోయినా రెప్పకు తప్పు లేదు. అంతే, సిపాయి తుపాకీ పట్టుకుని, నిలబడే నిద్రపోయాడు.

అవ్వ చూస్తే ఊరుకునేది కాదనిపించింది. అయినా తీసుకెళ్ళి వరస చివర పెట్టాడు.

తొమ్మిది రోజులూ పేరంటాళ్ళు వచ్చారు, శనగల సుండలు తిన్నారు, పాడారు. నాలుగోనాడు పక్కింటి రాఘవమ్మ కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. “సూడండే, కడాన ఉండేవాడు నిద్రపోతా ఉండాడు! సంపత్తూ, ఏందప్పా నీ సిపాయి?”

అందరూ నవ్వారు. “పెరటాసి డ్యూటీ కదక్కా, అలిసిపోయినాడు,” అన్నాడు ఆయన కూడా నవ్వుతూ. వాళ్ళు ఇంకా నవ్వారు. ఆయన చెప్పులేసుకుని, పనేమీ లేకపోయినా వీధిలోకి వెళ్ళిపోయాడు. పద్మాక్షి ఒక్కతే నవ్వలేదు.

విజయదశమి నాడు దీపాలు పెట్టే వేళకు కొండ దిగి వచ్చాడు. పాదాలు వాచి చెప్పుల్లోంచి రావడం లేదు. పద్మాక్షి హారతి ఇచ్చింది. కొలువు ముగిసిందనడానికి ఆనవాయితీగా ఒక బొమ్మను పడుకోబెట్టాలి. ఏటా పై మెట్టు మీది కొయ్య రాజారాణి జంట, మరపాచి బొమ్మలకే ఆ సేవ. ఈసారి ఆమె పై మెట్టు వైపు పోలేదు. వంగి, కింది మెట్టు చివరున్న సిపాయిని తీసింది. కాళ్ళకింద చెక్కముక్క అడ్డమొస్తే రవికగుడ్డ మడిచి వీపుకింద ఎత్తుగా పెట్టి, వాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టింది. మిగతా ఇరవై ముగ్గురూ కళ్ళు తెరుచుకుని నిలబడే ఉన్నారు.

సంపత్కుమార్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

“వాడికి కండ్లు పెట్టలేకపోయినాను పద్మా. నాకిప్పుడు చేత కాలేదు.”

“తెలుసు. మెట్టెక్కించిన రోజే చూసినాను.”

“మరి ఇన్ని దినాలూ ఒక్క మాటా అడగలేదే?”

ఆమె చాప తెచ్చి కొలువు ముందర పరిచింది. ఆయన చేతిసంచి తీసి పక్కన పెట్టింది.

“నిద్రపోయేవాణ్ణి లేపి ఎవురన్నా అడుగుతారా?” అంది. “పండుకోండి.”