ఎల్మురోద్ సుద్ద గోడలు

ఎల్మురోద్ ఏ కట్టడాన్నీ కాగితం మీద నమ్మడు. నేల మీద సుద్దతో అసలు కొలతల్లో గీసి, అందులో నలుగురిని నడిపిస్తే తప్ప అతనికి అన్నం సహించదు. ఈ ఒక్క పిచ్చి లేకపోతే మనిషి బంగారమని కోకండ్‌లోని ఆ చిన్న డిజైన్ కార్యాలయంలో అందరూ ఒప్పుకుంటారు. ఒప్పుకోనిది ముకర్రమ్ ఒక్కతే. ఆమె ఆ కార్యాలయానికి పెద్ద. చిన్నా పెద్దా అందరూ ఆమెను అక్కను పిలిచినట్టు "ఓపా" అని పిలుస్తారు. ముప్పై ఏళ్ళుగా కాగితం మీద గీతలు గీసి బతికిన మనిషి. కాగితాన్ని నమ్మనివాడు తనను నమ్మనట్టేనని ఆమె లెక్క.

అతను ఏడాదిన్నర కిందట వచ్చాడు. పుట్టింది రిష్తాన్‌లో, తరతరాలుగా పింగాణీ గిన్నెలు చేసే ఇంట్లో. తాష్కెంట్‌లో ఐదేళ్ళు ఆర్కిటెక్చర్ చదివాడు. ఉద్యోగానికి పెట్టుకున్న అర్జీలో తనకు వచ్చిన విద్యలన్నీ రాశాడు. మూడు రకాల కంప్యూటర్ ప్రోగ్రాములు వచ్చు. చేత్తో గీయడం వచ్చు. అట్టముక్కలతో నమూనాలు చేయడం వచ్చు. భూమి కంపిస్తే ఏ గోడ ఎటు ఒరుగుతుందో లెక్కగట్టడం వచ్చు. ఇన్ని వచ్చినవాడు రాజధాని వదిలి మన దగ్గరికెందుకు వచ్చినట్టని ముకర్రమ్‌కు అప్పుడే అనుమానం కలిగింది.

మొదటి నెల ఏ తేడా లేదు. పొద్దున్నే వచ్చేవాడు, వంచిన తల ఎత్తకుండా గీసేవాడు, పలకరిస్తే నవ్వేవాడు. రెండో నెలలో ఒక బడి కట్టే చోటికి వారం రోజులు పంపారు. తిరిగొచ్చేటప్పటికి రెండు జేబుల నిండా సుద్దముక్కలున్నాయి. ఎండదెబ్బ అన్నారు అందరూ.

మర్నాడు కార్యాలయం ముంగిలి నిండా తెల్లగీతలు. పద్దులు చూసే ఆవిడ ఎప్పటిలాగే కారు తెచ్చి మధ్యలో ఆపింది. ఎల్మురోద్ పరుగున వచ్చి, చేతులు కట్టుకుని, ఆమె కారును పిల్లల పడకగదిలో పెట్టిందని ఎంతో మర్యాదగా విన్నవించుకున్నాడు. ఆవిడ అతన్ని అరగంట తిట్టింది. తిట్టిన మనిషే మూడో రోజుకల్లా సుద్దతో గీసిన గుమ్మంలోంచి కారును జాగ్రత్తగా లోపలికి తెచ్చి, "ఈ వాకిలి ఇరుకు నాయనా, ఇంకాస్త వెడల్పు చెయ్" అంటూ సలహాలు ఇవ్వడం మొదలుపెట్టింది.

ఎల్మురోద్ పినతండ్రి కూతురి పెళ్ళిలో ఇంకా ఘోరం. పలావు ఉడికేలోపు పెళ్ళివారి ముంగిట్లో ఒక టీ దుకాణం గీసేశాడు. అప్పుడతను అలాంటిది ఒకటి డిజైన్ చేస్తున్నాడు. నలభై మంది పెద్దమనుషుల్ని అందులో వరసగా కూర్చోబెట్టాడు. మూలన కూర్చున్నాయనకు టీ కుండ అందడం లేదని తేలింది. గుమ్మం ఎటుండాలన్న దాని మీద రెండు వర్గాలు ఏర్పడ్డాయి. పెళ్ళికూతురు వచ్చి వంగి నమస్కరించినా పట్టించుకున్నవాడు లేడు. ఆ పిల్ల తల్లి ఇవాళ్టికీ ఎల్మురోద్‌తో మాట్లాడదు.

ముకర్రమ్‌తో మాత్రం వేళాకోళం చెల్లలేదు. ఒకరోజు ఆమె హడావిడిగా ముంగిలి దాటి వస్తుంటే ఎదురొచ్చాడు.

"ఓపా, మీరిప్పుడు గోడలోంచి వచ్చారు."

"వస్తాను. గోడ గీసింది నువ్వు, జీతమిచ్చేది నేను."

అతను ఆమె అడుగులకు గీత చెదిరిన చోట మళ్ళీ గీశాడు. ఆమె కిటికీలోంచి చూసింది. వసంతంలో అతని ఒప్పందం గడువు తీరుతుంది. ఇక పొడిగించకూడదని ఆమె ఆ క్షణాన్నే నిశ్చయించుకుంది.

ఇంతలో ప్రసూతి ఆసుపత్రి పని వచ్చింది. కోకండ్‌కు గంట దూరంలో, మల్బరీ చెట్ల వరసల మధ్య ఒక పెద్ద ఊరికి కొత్త కట్టడం. డిజైను ముకర్రమ్‌దే. తన చేతిమీదుగా వచ్చిన వాటిలో ఇదే మేలైనదని ఆమెకు గట్టి నమ్మకం. పునాదులు తవ్వడం అయిపోయింది, ఇనుము కట్టడం అయిపోయింది. ఏప్రిల్‌లో ఒక గురువారం పొద్దున కాంక్రీటు పోయాలి. బుధవారం సాయంత్రం ఎల్మురోద్ అక్కడి నుంచి ఫోన్ చేశాడు. ఆపరేషన్ గది ముందు మలుపు ఇరుకుగా ఉందేమో, ఒకసారి నడిచి చూస్తే బాగుంటుందని నసిగాడు. కొలతలన్నీ నిబంధనల ప్రకారమే ఉన్నాయని, కాగితం చదవడం రాకపోతే మళ్ళీ కాలేజీకి వెళ్ళమని ఆమె ఫోన్ పెట్టేసింది.

పెట్టేసింది కానీ మనసు నిలవలేదు. తెల్లవారి ఎనిమిదింటికి స్వయంగా కారు నడుపుకుంటూ బయల్దేరింది. దారిలోనే కాంక్రీటు ప్లాంటు వాళ్ళు ఫోన్ చేసి మూడు లారీలు బయటికొచ్చాయని చెప్పారు. కలిపిన కాంక్రీటు ఎవరి కోసమూ ఆగదు. ఎక్కువసేపు తిరిగితే లారీలోనే గట్టిపడుతుంది.

ఆమె వెళ్ళేసరికి కందకాల పక్కన చదును నేల మీద సున్నంతో పెద్ద చౌకాలు. నడవా, గదులు, మలుపు, అన్నీ అసలు కొలతల్లో. నడుమ ఒక స్ట్రెచర్ బండి. పాత ప్రసూతి ఇంటి నుంచి పెద్ద మంత్రసాని సాలిహా దాన్ని కంకర రోడ్డు మీద స్వయంగా తోసుకొచ్చింది. ఊళ్ళో సగం మందిని తన చేతులతో భూమ్మీదికి తెచ్చిన మనిషి, అందరికీ ఖోలా, అంటే పిన్ని వరస. ఒక పక్క మేస్త్రీ హైదర్ గడ్డం నిమురుకుంటూ నిలబడ్డాడు. ఆయన్ని ఉస్తా అంటారు. నలభై ఐదేళ్ళుగా ఆయన కట్టిన గోడ ఒక్కటి ఒరగలేదు. కాంట్రాక్టరు శవ్కత్ మాత్రం మందారంలా ఎర్రబడి ఉన్నాడు.

లారీలు వచ్చేస్తున్నాయని, ఇక్కడేమో ఈ సార్ బొమ్మరిల్లు ఆట పెట్టాడని, తన కూలీలు నవ్వుకుంటున్నారని శవ్కత్ మొర పెట్టుకున్నాడు. ముకర్రమ్ ఎల్మురోద్ వైపు చూసింది.

"ఒక్కసారి ఓపా. ఒక్కసారి బండి తిప్పి చూద్దాం. తిరిగితే నేను ఇవాళే ఉద్యోగం మానేస్తాను."

"మానేద్దువుగానీ. కానీ లారీలు రాకముందే తేల్చు."

బండి మీద పడుకోవడానికి మనిషి కావాలి. ఈ గొడవ త్వరగా తెమలాలని శవ్కత్ తానే ఎక్కి పడుకున్నాడు. ఆయన నూట పది కిలోలు. బండి కిర్రుమంది. సాలిహా తోసింది. నడవా పొడుగునా బండి హాయిగా నడిచింది. మలుపు దగ్గర ముందు చక్రాలు తిరిగాయి, వెనకవి తిరగలేదు. వెనక్కి లాగి మళ్ళీ తోసింది. శవ్కత్ బూట్లు సున్నపు గీత దాటి అవతలికెళ్ళాయి.

"గోడకు తగిలింది," అన్నాడు ఎల్మురోద్.

"గోడెక్కడుందిరా బాబూ, నాకు ఆకాశం కనపడుతోంది," అన్నాడు పడుకున్న శవ్కత్.

కూలీలు పగలబడి నవ్వారు. సాలిహా నవ్వలేదు. ఇటుంచి ఒకసారి, అటుంచి ఒకసారి, మొత్తం నాలుగుసార్లు తోసింది. తర్వాత బండి వదిలేసి ముకర్రమ్ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి చెప్పింది.

"పాత ఇంట్లో ఇట్లాంటి మలుపే ఒకటుందమ్మా. పోయిన చలికాలం ఒక పిల్లని అక్కడ దుప్పటితో ఎత్తి మోశాం, నలుగురు ఆడవాళ్ళం. తల్లీ బిడ్డా దక్కారు. నా చేతులు మాత్రం నెల రోజులు వణికాయి."

ముకర్రమ్ టేపు తీసుకుని మోకాళ్ళ మీద కూర్చుని కొలిచింది. సున్నం ఒక్క వేలైనా పక్కకు జరగలేదు. ఎల్మురోద్ గీసింది అచ్చంగా ఆమె కాగితంలో ఉన్నదే. అప్పుడు చూసింది ఆమె, మలుపు మూలలో ఉన్న చిన్న చౌకాన్ని. గాలి గొట్టం చుట్టూ కట్టే ఇటుకల పెట్టె. అగ్నిమాపక తనిఖీ వాళ్ళు అడిగారని పోయిన వారం హడావిడిగా చేర్చింది. చేర్చింది తానే. నడవా వెడల్పు దగ్గర మాత్రం పాత అంకె అలాగే ఉండిపోయింది. ఎవరూ చూడలేదు. ఆమె కూడా చూడలేదు.

మొదటి లారీ హారను రోడ్డు మలుపులో వినబడింది.

అందరూ ఆమె వైపే చూస్తున్నారు. లారీల్ని వెనక్కి పంపితే నష్టం, నింద, ఊరంతా పుకారు. పోయిస్తే ఎవరికీ ఏమీ తెలియదు. కాగితం మీద అంకె సరిగ్గానే కనిపిస్తోంది. ముప్పై ఏళ్ళ పేరు. ఆమె టేపు చుట్టి పైకి లేచింది.

"తప్పు నాది. ఆ పెట్టె నేను చేర్చాను. దాన్ని అవతల సామాను గది మూలకు జరపాలి. పోయకండి."

శవ్కత్ బండి దిగి నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నాడు. మూడు లారీల కాంక్రీటు ఎక్కడ పారబోయాలని అడిగాడు. అప్పటిదాకా మాట్లాడని హైదర్ మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు.

"పారబోయడమెందుకు? తూర్పు నుంచి మొదలెడదాం. ఈ మూలకొచ్చేసరికి మధ్యాహ్నం దాటుద్ది. ఆలోపు మీరెట్టా చెబితే అట్టా ఇనుము మారుస్తాం."

ముకర్రమ్ ఇటుకల దొంతర మీద కూర్చుని, ఒళ్ళో కాగితం పెట్టుకుని కొత్త మూల గీసింది. గీసి మేస్త్రీకి ఇచ్చింది. ఆయన రెండు చేతులతో పట్టుకుని, కనుబొమలు ముడిచి, చాలాసేపు చూశాడు. బాగుందన్నట్టు తలాడించాడు.

కాగితం తలకిందులుగా ఉంది.

అడుగున ఆమె రాసిన తేదీ పైకొచ్చి, కాళ్ళు ఆకాశానికి పెట్టి వేలాడుతోంది. ముకర్రమ్ నోరు తెరిచింది. ఆమె కన్నా ముందే ఎల్మురోద్ పెద్ద గొంతుతో అందుకున్నాడు.

"ఉస్తా, నాకు నేల మీద చూస్తే తప్ప బుర్రకెక్కదు. మీకెలాగూ అర్థమైంది కానీ, నా కోసం ఒక్క నిమిషం ఆగండి."

సున్నం డబ్బా అందుకున్నాడు. శవ్కత్ కూలీల వైపు తిరిగి, ఈయన కాగితం రాని ఇంజనీరని, కాలేజీలో నాట్యం నేర్పి పంపారని ఎగతాళి చేశాడు. కూలీలు నవ్వారు. ఎల్మురోద్ కూడా వాళ్ళతో కలిసి నవ్వుతూ గీశాడు. హైదర్ మేస్త్రీ గీతల మధ్య రెండడుగులు వేసి, ఆగి, మడమ తిప్పి, "ఇదిగో, ఈ మూల రెండు వేళ్ళు లోపలికి రావాల, లేకపోతే తలుపు రెక్క కొట్టుకుంటది," అన్నాడు. ముకర్రమ్ కొలిచింది. సరిగ్గా రెండు వేళ్ళు.

మూడు లారీలూ ఖాళీ అయ్యాయి. మధ్యాహ్నం రెండింటికి ఆ మూల కూడా నిండింది. అందరూ సమోసాలు తింటూ మల్బరీ చెట్ల కింద చేరాక ముకర్రమ్ అతన్ని కారు దగ్గరికి పిలిచింది.

"నిన్న మలుపు ఇరుకని కనిపెట్టింది ఎవరు? నువ్వా, ఉస్తానా?"

అతను బూట్ల వైపు చూశాడు. "ఉస్తానే. గీతల్లో నడిచి ఒక్క నిమిషంలో చెప్పేశారు."

"ఆయనకు కాగితం చదవడం రాదు."

"మీరు చూశారా?" అని అతను కంగారుపడ్డాడు. చుట్టూ ఎవరైనా వింటున్నారేమోనని చూసుకున్నాడు.

నెమ్మదిగా బయటపెట్టాడు. ఏడాదిన్నర కిందట ఆ బడి దగ్గర హైదర్ మేస్త్రీ ఒక గోడను అద్దంలో చూసినట్టు అటుది ఇటు కట్టాడట. మర్నాడు ఇటుకలు నాసిరకమని తానే అందరికీ చెప్పి, తన చేతులతో కూలగొట్టి మళ్ళీ కట్టాడట. ఇటుకల్లో ఏ లోపమూ లేదని ఎల్మురోద్‌కు తెలుసు. మేస్త్రీది తండ్రి దగ్గర చేతితో నేర్చుకున్న పని, అప్పట్లో గీతలు చదవడం ఎవరు నేర్పారు ఈయనకు? ఆ మేస్త్రీ తలదించుకోవడం చూడలేక మర్నాటి నుంచి సుద్ద పట్టాడు.

ముకర్రమ్‌కు ఒక సంగతి మాత్రం అర్థం కాలేదు. "ఆయన కోసమైతే ఆయన దగ్గరే గీయొచ్చు కదా. మా ముంగిలి ఎందుకు పాడుచేశావు? ఆ పెళ్ళి ఎందుకు పాడుచేశావు?"

"ఆయనొక్కడి దగ్గరే గీస్తే అందరికీ తెలిసిపోదా ఓపా? అందుకే అన్నిచోట్లా గీస్తున్నాను. పిచ్చి నాదనుకుంటే ఆయన జోలికి ఎవరూ రారు కదా."

నీకు తెలుసునన్న సంగతి ఆయనకు తెలుసా అని ఆమె అడిగింది. తామెప్పుడూ ఆ మాట మాట్లాడుకోలేదని అతను చెప్పాడు. రేపు కార్యాలయానికి వచ్చి కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టమని, మూడేళ్ళకని చెప్పి, కారెక్కి వెళ్ళిపోయింది.

సోమవారం జిల్లా వైద్యాధికారి నోసిర్ వచ్చాడు. ఆసుపత్రి మలుపులో చేసిన మార్పు ఆయనకు చూపించాలి. సూటూ బూటూ వేసుకున్న పెద్దమనిషి, అందరికీ అకా, అంటే అన్న వరస. బల్ల మీద ముకర్రమ్ పెద్ద కాగితం పరిచింది. ఆయన ముందుకు వంగి, వెనక్కి వాలి, గంభీరంగా తలాడిస్తూ, "అద్భుతం. వైద్యానికి తగిన కట్టడం," అన్నాడు. ఆయన చూపుడు వేలు మెచ్చుకుంటున్నది ఆపరేషన్ గదిని కాదు, కాగితం మూలనున్న కార్యాలయం ముద్రను.

ఎల్మురోద్ గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. ముకర్రమ్ గొంతు సవరించుకుంది.

"నోసిర్ అకా, ఏమనుకోకండి. కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయాను, నాకు ఈ గీతలు సరిగ్గా కనబడటం లేదు. బయటికి వెళ్దాం. మావాడు నేల మీద పెద్దగా గీస్తాడు, మీరు కొంచెం నాకు దారి చూపించాలి."

అలాగే, అలాగే, మీ కోసం తప్పుతుందా అంటూ వైద్యాధికారి ఎంతో ఉత్సాహంగా లేచాడు. ఆమె ముక్కు మీద కళ్ళద్దాలున్నాయి. పక్క బల్ల దగ్గరున్న పద్దులు చూసే ఆవిడ కూడా ఆ సంగతి ఎత్తలేదు.