వేట దొర ఈటెకు బొట్టు

2000 ఆగస్టులో నన్ను సింగపూర్‌లో ఒక పురాతన కళావస్తువుల గోదాముకు సిస్టమ్స్ మేనేజర్‌గా వేశారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళ కాళ్ళు నేల మీద ఆనని రోజులవి. 2000 రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పి ఆగిపోతాయన్న వై2కె గండం నుంచి ప్రపంచాన్ని గట్టెక్కించినవాళ్ళలో నేనూ ఒకణ్ణని మేముండే బెడోక్ పేటలో మా బ్లాకు లిఫ్టులో కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాను.

కాగితాల మీదున్న వస్తువుల వివరాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. వాటిలో ముఖ్యమైనది స్థితి నివేదిక. వస్తువు రాగానే ఎక్కడ పగులుంది, ఎక్కడ రంగు రాలింది అని మా నిపుణురాలు మిస్ టాన్ భూతద్దంతో చూసి, రాసి, సంతకం చేసేవారు. తర్వాత కొత్త మచ్చ కనబడితే జవాబు చెప్పాల్సింది ఆవిడే.

సర్వర్ గదిలో ఏసీ ఎప్పుడూ ఆగదు గనక, చెమ్మ తగలకూడని ఒక రంగుల కొయ్య విగ్రహాన్ని అక్కడే నిలబెట్టారు. యూరప్‌లో వేటగాళ్ళు కొలుచుకునే క్రైస్తవ సెయింటు. నడుముకు కొమ్ముబూర, చేతిలో ఈటె, కాళ్ళ దగ్గర కొమ్ముల మధ్య శిలువతో ఒక దుప్పి. వందల ఏళ్ళనాటిదట. పేరు నోరు తిరగక నేను వేట దొర అనేవాణ్ణి.

అక్టోబరులో ఆయుధపూజ వచ్చింది. మా ఆవిడ పసుపు, కుంకుమ పొట్లాలు కట్టిచ్చింది. సర్వర్‌కు, యూపీఎస్‌కు, కీబోర్డుకు, చివరికి స్టేప్లర్‌కు కూడా బొట్లు పెట్టాను. వెనక్కి తిరిగితే వేట దొర. గదిలో అసలైన ఆయుధం ఆయన చేతిలోదే! దాన్ని వదిలేసి స్టేప్లర్‌ను పూజిస్తే ఏం బావుంటుందని, ఈటె మొనకు తడి కుంకుమ అద్ది దణ్ణం పెట్టుకున్నాను.

మర్నాటికి కుంకుమ పాత రంగులోకి ఇంకిపోయింది. తడి రుమాలుతో తుడిచాను. చుక్క కాస్తా రూపాయి బిళ్ళంత అయింది. ఎల్లుండే కొన్నవాళ్ళు విగ్రహం తీసుకుపోవడానికి వస్తున్నారు. ఉద్యోగం పోతే, సింగపూర్‌లో ఉండనిచ్చే వర్క్ పాస్ కూడా పోతుంది. భయంలో నా తెలివి పాదరసంలా పరుగెత్తింది. ఏ రికార్డునైనా దిద్దగల నా అడ్మిన్ అధికారంతో మిస్ టాన్ నివేదిక తెరిచి, ‘ఈటె మొన మీద పాత ఎర్ర మరక’ అని ఒక వాక్యం చేర్చాను.

కొన్నవాళ్ళ ప్రతినిధి మరక చూశాడు, నివేదిక చూశాడు, సరే అన్నాడు. కాదన్నది మిస్ టానే. ఆ వాక్యం తను రాయలేదని, వచ్చినప్పుడు ఆ మరక లేదని పట్టుబట్టారు. అయితే మరక నువ్వే చేసి, దాచబోయి ఇప్పుడు భయపడుతున్నావా అన్నాడు మా బాస్. గోదాము తాళాలు బల్ల మీద పెట్టమని ఆవిడతో అన్నాడు. ఆ వెంటనే నావైపు తిరిగి, “ఏదో ఆడిట్ లాగ్ అన్నావుగా, ప్రింట్ తియ్ లా” అన్నాడు, సింగపూర్ వాళ్ళు మాట చివర తగిలించే ‘లా’తో సహా.

ఏ రికార్డులో ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో దానంతటదే రాసుకునే చిట్టా అది. అడ్మిన్ కూడా దాన్ని చెరపలేడని మొదటి నెలలో గంటసేపు స్లైడ్లు వేసి చెప్పిన మహానుభావుణ్ణి నేనే. దొంగ వాక్యం రాస్తున్నప్పుడు ఒక్క స్లైడూ గుర్తురాలేదు.

సర్వర్ డౌన్ అంటే సరిపోయేది. మా వృత్తిలో ఆ మాట సర్వరోగ నివారిణి. నోటిదాకా వచ్చింది కూడా. అప్పుడే మిస్ టాన్ మెడలోంచి తాళాల తాడు తీశారు. బల్ల మీద పెట్టారు. సిగ్గేసింది. ప్రింట్ తీసి, బొట్టు సంగతి కూడా చెప్పి, బాస్ చేతికిచ్చాను. పేరు గడిలో నా పేరుంది, ఇంటిపేరుతో సహా.

ఆ వారం విగ్రహం కదల్లేదు. మిస్ టాన్ నాలుగు రోజులు దూది పుల్లలతో కూర్చుని మరకను లేత గులాబీ దాకా తెచ్చారు. అంతకు మించి పోలేదు. నాకు హెచ్చరిక లేఖ వచ్చింది, అడ్మిన్ అధికారం ఆరు నెలలు పోయింది. నివేదికలో ఆవిడ తనే ఒక వాక్యం చేర్చారు: ‘ఈటె మొనపై కుంకుమ. పెట్టినవారు: సిస్టమ్స్ మేనేజర్. కారణం: భక్తి.’

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను కట్టిన ఏ సిస్టమ్‌లోనూ, ఒకరు సంతకం చేసిన రికార్డును ఇంకొకరు దిద్దే అధికారం ఎవరికీ ఉంచలేదు. మొదట తీసేసేది నాదే.