బ్లీచింగ్ పోసిన ట్యాంకు

పదవీ విరమణకు మూడేళ్లుందనగా, ఒక వేసవి మొదట్లో, గోపాలపట్నం అవతల ఉన్న ఒక ప్రైవేటు టౌన్‌షిప్ మురుగునీటి శుద్ధి కేంద్రానికి నన్ను సీనియర్ కెమిస్టుగా వేశారు. హోదా ఘనమే. వాసనకు భయపడి ఆఫీసర్లెవరూ అటు వచ్చేవారు కాదు.

అక్కడ జరిగేది ఇది. ఇళ్ల మురుగు పెద్ద ట్యాంకులో చేరుతుంది. అడుగు నుంచి బ్లోయర్లు గాలి కొడతాయి. ఆ గాలితో బతుకుతూ కోట్లాది బాక్టీరియా మురుగును తినేస్తాయి. బడి పుస్తకాల్లో విచ్ఛిన్నకారులంటారే, అవే. తేరిన నీరు పక్క చెరువులోకి పోతుంది. అక్కడ ఎండతో ఆహారం తయారుచేసుకునే నాచు ఉత్పత్తిదారు, దాన్ని తినే చేప వినియోగదారు, చేప కోసం కాచుకునే కొంగ ఆ పై మెట్టు. చేపల లీజు అప్పలరాజుది. ఇంటిల్లిపాది తిండీ ఆ చెరువు మీదే.

ట్యాంకు ఆరోగ్యంగా ఉంటే నీరు ముదురు గోధుమరంగులో ఉంటుంది. ఈ ముక్క మా డిప్యూటీ జనరల్ మేనేజరు గారికి ఎప్పుడూ ఎక్కలేదు. కేంద్రానికి అధిపతి ఆయనే అయినా, ట్యాంకు గట్టు మీదికి ఎక్కి చూసింది కంపెనీ పెద్దల తనిఖీ ఖరారయ్యాకే.

మన దగ్గర పెద్దలొస్తున్నారంటే రోడ్డుకు రెండు పక్కలా బ్లీచింగ్ పౌడరు గీతలు పడాలి. లేకపోతే వాళ్ల కంటికి శుభ్రత ఆనదు. గీతలు గీయగా బస్తాలు మిగిలాయి. ఆయన ట్యాంకులోకి తొంగిచూసి, "ఏంటండీ ఈ బురద? ఆ మిగిలిన బ్లీచింగ్ ఇందులో పోయించండి. తేటగా కనబడాలి" అన్నారు. ఆ బురదంతా బాక్టీరియాయేనని, పని చేసేవే అవని, బ్లీచింగ్ పోస్తే ఒక్కటీ మిగలదని చెప్పాను. "పురుగులు చస్తే మంచిదేగా!" అని నవ్వారు. చుట్టూ ఉన్న ఇంజనీర్లూ నవ్వారు. పైవాడు నవ్వితే నవ్వడం మా దగ్గర అదనపు అర్హత. కనీసం చెరువు వైపు తూము మూయించమన్నాను. మూస్తే తనిఖీ వేళకు ట్యాంకు పొంగి పరువు పోతుందట.

పోశారు. రంగు వెలిసింది. పెద్దలు ఫొటోలు దిగి, మెచ్చుకుని వెళ్లారు. మైక్రోస్కోపు కింద చూస్తే చలనం లేదు. ఇళ్ల మురుగు మాత్రం ఎందుకాగుతుంది? తినేవాళ్లు లేక అది వచ్చింది వచ్చినట్టే చెరువులో పడి, కుళ్లుతూ నీటిలోని ప్రాణవాయువును లాగేసింది.

ఒక పొద్దున్న అప్పలరాజు ల్యాబ్ గుమ్మంలోకి వచ్చాడు. "బాబూ, సేపలన్నీ నోళ్లు పైకెట్టి సచ్చిపోతన్నాయి. నీల్లలో ఏటి కలిపీసినారు? నాను పిల్లలకేటి పెట్టాల?" అన్నాడు. వెళ్లి చూస్తే చెరువు నిండా తెల్లటి పొట్టలు తేలుతున్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

విచారణ కమిటీ వేశారు. అధ్యక్షులు ఎవరనుకున్నారు? బ్లీచింగ్ పోయించిన మహానుభావుడే. చేపలు ఎండకు చచ్చాయని తేల్చారు. బ్లీచింగ్ గురించి నేను చెప్పింది సంబంధం లేని అంశమన్నారు. మేం వేరే కేంద్రం నుంచి ట్యాంకరుతో బురద తెప్పించి, పాలకు తోడు పెట్టినట్టు మా ట్యాంకులో కలిపాం. కొన్ని వారాల్లో బాక్టీరియా తేరుకున్నాయి. అప్పలరాజు తేరుకోలేదు. చెరువు వదిలేసి మా కాంట్రాక్టరు దగ్గరే కూలికి చేరాడు.

మరుసటి ఏడు మళ్లీ తనిఖీ. రోడ్డు పక్కన వంగి బ్లీచింగ్ గీతలు గీసింది అప్పలరాజు. వాటి మధ్య నుంచి నడిచొచ్చిన కొత్త జనరల్ మేనేజరు మా పాత డిప్యూటీ గారే.

ఆహారపు గొలుసులో కింది మెట్టు చస్తే పై మెట్టూ చస్తుందని పుస్తకాలు చెబుతాయి. చెరువులో అది నిజమేనని కళ్లారా చూశాను. ఆఫీసులో మాత్రం పై మెట్టుకు ప్రమోషనొస్తుంది.