కొబ్బరినీళ్లు పడిన సిలిండరు

బరంపురంలో కాపురం పెట్టిన కొత్తలో మా ఆయనకు ఇంజను పిచ్చి పట్టింది. పనిచేసేది మోటారు వర్క్‌షాపులో. పగలంతా ఊళ్లోవాళ్ల ఇంజన్లు విప్పడం, సాయంత్రం ఇంటికొచ్చి తాటికాయంత సొంత ఇంజను చేసుకోవడం. వర్క్‌షాపు యజమాని నవ్వి, "విప్పడం వేరు, చెయ్యడం వేరు. అది తిరిగిన రోజు ఇనుము చెక్కే కొత్త లేతు మిషను నీకే అప్పగిస్తాను" అన్నాడట. ఇక ఈయన నిద్రాహారాలు మానేశాడు. లేతు మీద చెయ్యి పడితే మేస్త్రీ, లేకపోతే జన్మంతా గ్రీజు పూసుకునే మనిషే.

అన్నీ కుదిరాయి గాని పిస్టన్ ఆడే గొట్టం, అదే సిలిండరు, దాని లోపలి గోడ కుదరలేదు. పిస్టన్ ఒకచోట బిగుసుకునేది, ఒకచోట జారిపోయేది. గుండ్రటి కర్రకు గ్రైండింగ్ పేస్టు రాసి, లోపల తిప్పుతూ పైకీ కిందికీ ఆడిస్తే గోడ నున్నబడుతుందట. ఊళ్లో అంత గుండ్రటి కర్ర నా అప్పడాల కర్ర ఒక్కటేనని తేల్చి, దాన్ని చిత్రిక పట్టి వాడేశాడు. నేను అప్పడాలు ఒత్తి బడా బజార్‌లో ఒక కొట్టుకు వేసేదాన్ని. కర్ర పోయాక సీసాతో ఒత్తాను. ఒక్క అప్పడమూ గుండ్రంగా రాలేదు. కొట్టతని ముందు నాకు తల కొట్టేసినట్టుండేది.

చివరికి విశ్వకర్మ పూజ ముందురోజు గోడ కుదిరింది. సిలిండరు అడుగును అరచేత్తో మూసి పిస్టన్ వదిలితే దిగకుండా నిలబడింది. పైకి లాగితే "టప్" మంది. ఆ చప్పుడు వినిపించడానికి వీధిలో అందరినీ పిలిచాడు. పూజ మర్నాడు వచ్చి చూసుకోమని యజమానికి కబురు పెట్టాడు.

పూజ రోజు పొద్దున్నే ఆయన వర్క్‌షాపుకు వెళ్లి వచ్చేసరికి, మా అత్త ఇంట్లోని పనిముట్లన్నీ అరుగు మీద పేర్చి, కత్తిపీటతో సహా అన్నిటికీ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టడానికి రాయి దొరక్క సిలిండరు మీదే కొట్టేసింది. అంచు చెదరలేదు గాని నీళ్లన్నీ లోపలికే పోయాయి.

"అమ్మా! అది పోత ఇనుము! సాయంత్రానికి తుప్పట్టీద్ది!"

"పూజయిపోనాది. రేపు పొద్దుటిదాకా పనిముట్టు ముట్టకూడదు" అంది అత్త.

"అది పనిముట్టు కాదే! ఇంకా ఇంజనే కాదు!"

"ఇంజను కాదా? మరి ఎండాకాలం నుంచీ ఏటి సేస్తన్నావురా?"

పూజ చేసినవాటిని ఆ రోజు ముట్టకూడదన్న పట్టింపు ఆయనకూ ఉంది, లేకపోతే ఎప్పుడో తుడిచేసేవాడు. గుడ్డతో తుడవడం పనా, సేవా అని అరుగు చుట్టూ తిరుగుతూ వాదించాడు. మధ్యాహ్నానికి సిలిండరు లోపల ఎర్రటి చాయ కనిపించింది. ఆయన కళ్లలో నీళ్లు చూసి నాకు జాలేసింది. కోపమూ వచ్చింది, తల్లీకొడుకులిద్దరి మీదా.

"అత్తా, ఇనుము శనీశ్వరుడిది కదా. ఆయనకి నూని పొయ్యకుండా పూజెలాగవుద్ది?" అన్నాను.

అత్త హడలిపోయింది. నువ్వుల నూనె తెచ్చి సిలిండరు గోడల వెంట ధారగా పోసింది. మా ఆయన ముఖం వెలిగింది. వెంటనే అత్త గుప్పెడు నల్ల నువ్వులు కూడా వేసింది. ఆయన స్తంభం పట్టుకుని కూలబడ్డాడు.

మర్నాడు తెల్లారగానే నువ్వులు ఏరి, గోడ తుడిచి, కర్రతో నాలుగు తిప్పులు తిప్పి, కిరసనాయిలుతో కడిగాడు. మరక పోయింది. ఇంజను బిగించేసరికి యజమాని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తాడు లాగితే మొదట పొగ, తరువాత ఎక్కడో మిగిలిన నువ్వులు మాడిన కమురు, ఆ తరువాత చెవులు చిల్లులు పడే మోత. తిరిగింది!

యజమాని ఏదో అరిచాడు. "ఏటండీ?" అని మా ఆయనా అరిచాడు. ఇంజను ఆపితే వినబడేది, ఆపడానికి ఆయనకు చేతులు రాలేదు. యజమాని మళ్లీ అరిచాడు. ఈయన మళ్లీ "ఏటండీ?" అన్నాడు, కళ్లు మాత్రం ఇంజను మీదే. చివరికి యజమాని ఓ దండం పెట్టి వెళ్లిపోయాడు.

నేను గుమ్మం పక్కనే ఉన్నాను, నాకు వినబడింది. చెబుదామని వెళ్లి, ఆ ముఖం చూసి ఆగిపోయాను. పెట్రోలు అయిపోయి ఇంజను దానంతటదే ఆగింది. అప్పుడు దగ్గరికెళ్లి, "ఏవండీ, రేపట్నుంచి లేతు మీదేనట" అన్నాను.

"ఏ లేతు?" అన్నాడు.